16 మంది, 120 దారులు

ప్రోగ్రామ్ మొదలైనప్పుడు 12 మంది ఉంటారు. మూణ్ణెల్లు తిరిగేసరికి ఆడిట్ వాళ్ళనీ, సేల్స్ వాళ్ళనీ కూడా కలుపుదామంటారు. "నలుగురేగా, ఏమవుతుంది?" అని మా మేనేజర్లు అడుగుతుంటారు. ఏమవుతుందో లెక్కవేసి చూద్దాం.

మొత్తం ఎన్ మంది అనుకోండి. ఒక్కొక్కరూ మిగిలిన (ఎన్ - 1) మందితో మాట్లాడవచ్చు. రాముడు సోముడికి ఫోన్ చేసినా, సోముడు రాముడికి చేసినా దారి ఒక్కటే కనుక సగం చెయ్యాలి. అంటే ఎన్ × (ఎన్ - 1) ÷ 2. పన్నెండు మందికి 66 దారులు, పదహారు మందికి 120. మనుషులు మూడోవంతు పెరిగితే దారులు దాదాపు రెట్టింపయ్యాయన్నమాట!

ఆలస్యమైన ప్రాజెక్టులో మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో "ది మిథికల్ మ్యాన్-మంత్"లో రాశాడు. ఆయన చెప్పిన కారణాల్లో ఇదొకటి.

ఈ దారులన్నీ రోజూ వాడరు, నిజమే. కానీ ఒక నిర్ణయం మారినప్పుడు ఎవరికి కబురు అందలేదో తెలియదు. అందనివాడు పాత పద్ధతిలోనే కోడ్ రాసుకుపోతాడు. అది టెస్టింగ్‌లో బయటపడేసరికి వారాలు గడిచిపోతాయి.

అందుకే నేను పదహారు మందిని నాలుగేసి మంది చొప్పున నాలుగు జట్లు చేస్తాను. జట్టుకి 6 దారుల చొప్పున 24, జట్టు నాయకుల మధ్య 6, వెరసి 30. అయితే నోళ్ళు మారే కొద్దీ కబురూ మారుతుంది. కనుక నిర్ణయాలను మాత్రం రాతపూర్వకంగా అందరికీ ఒకేసారి పంపుతాను.

ఈసారి మిమ్మల్ని ఎవరినైనా కలపమంటే, ఆయన ఎవరెవరితో మాట్లాడవలసి ఉంటుందో ముందు అడగండి.