వేలికీ గొట్టానికీ మధ్య

పైప్ ఆర్గన్ మెట్టును ఎంత గట్టిగా నొక్కినా శబ్దం పెద్దదవదు, ఎంత మెత్తగా నొక్కినా చిన్నదవదు. వేలు చేసే పనల్లా గాలికి దారి తెరవడం, మూయడం. అలాంటప్పుడు మెట్టుకూ గొట్టానికీ మధ్య ఉన్నవి చెక్క బద్దలైతేనేం, కరెంటు తీగలైతేనేం? ఐరోపా చర్చిల ఆర్గన్ నిర్మాతలు మాత్రం దీని మీదే దశాబ్దాల పాటు వాదించుకున్నారు. ఆ వాదన ఉత్త పాతకాలపు మోజు కాదని, చెక్క బద్దల పక్షాన బలమైన కారణమొకటి ఉందని నా అభిప్రాయం. కాకపోతే ఆ పక్షం వాళ్లు తరచుగా చెప్పే కారణం అది కాదు.

హార్మోనియం తెలిసినవాళ్లకు సగం సంగతి తెలిసినట్టే. మెట్టు నొక్కితే మూత లేస్తుంది, తిత్తిలోని గాలి రీడు గుండా బయటికొస్తుంది. ఆర్గన్‌లో ఆ మూత ఉండేది గొట్టాల కిందనున్న గాలిపెట్టెలో, కొన్నిసార్లు వాద్యకారుడి తలకు చాలా ఎత్తున. మెట్టు కదలికను అక్కడిదాకా మోసేవి ట్రాకర్లనే పల్చటి బద్దలు. మెట్ల వరస ఇరుకు, గొట్టాల వరస వెడల్పు కాబట్టి రోలర్‌బోర్డు మీది కడ్డీలు ఆ కదలికను పక్కకు జరుపుతాయి. వాద్యకారుడు కూర్చుని వాయించే కన్సోల్‌కు రెండు వైపులా ఉండే గుండీలు స్టాపులు. ఒకటి లాగితే చిల్లులున్న చెక్కపట్టీ జరిగి, ఒక వరస గొట్టాలకు దారి కుదురుతుంది. మెట్టూ నొక్కాలి, స్టాపూ తెరవాలి. అప్పుడే గొట్టం పలుకుతుంది. గుండీ మీద 8 అని రాసి ఉంటే ఆ వరసలో అట్టడుగు స్వరపు గొట్టం సుమారు 8 అడుగులన్నమాట. 16 అయితే ఒక స్థాయి కిందికి. పెద్ద చర్చిల్లో కాళ్లతో వాయించే మెట్లకు 32 అడుగుల గొట్టాలూ ఉంటాయి. వాటి అట్టడుగు స్వరం సెకనుకు 16 కంపనాలే. అది చెవికన్నా ఒంటికి ఎక్కువ తెలుస్తుంది. కరెంటు రాకముందు ఇంత గాలీ మనుషులు తిత్తులు తొక్కితేనే పుట్టేది. కొత్త ఆర్గన్‌ను పరీక్షించేటప్పుడు జర్మన్ స్వరకర్త బాఖ్ ముందుగా స్టాపులన్నీ లాగి, దాని ఊపిరితిత్తుల సత్తా చూసేవాడట.

చిక్కు బరువు దగ్గర మొదలైంది. గాలిపెట్టెలోని పీడనమే మూతను మూసి పట్టుకుంటుంది. వేలు ముందు ఆ పట్టును తెంచాలి. తెగాక మెట్టు ఒక్కసారిగా తేలికవుతుంది. రెండు మూడు కీబోర్డులను జతచేస్తే ఒక్క వేలే ఆ మూతలన్నీ లాగాలి. 19వ శతాబ్దంలో ఆర్గన్లు పెరిగేకొద్దీ ఇది వేళ్లకు మించిన పనైంది. చార్లెస్ బార్కర్ అనే ఆంగ్లేయుడు ఆ గాలి చేతే చాకిరీ చేయించాడు: మెట్టు ఒక చిన్న తిత్తిలోకి గాలి వదులుతుంది, అది ఉబ్బి బద్దను లాగుతుంది. ఫ్రెంచి నిర్మాత అరిస్తీద్ కవాయే-కోల్ దీన్ని 1841లో పారిస్ పక్కనున్న సాన్ దెనీ చర్చిలో అమర్చాడు. 1862లో పారిస్‌లోని సాన్ సుల్పీస్ చర్చిలో ఐదు కీబోర్డుల మహా ఆర్గన్ పూర్తిచేశాడు. ఆ తర్వాత కరెంటుతో మెట్టు స్విచ్ అయింది, కన్సోల్‌ను కావలసిన చోట పెట్టుకునే వీలొచ్చింది. 1906లో ఆల్బర్ట్ ష్వైట్జర్ (మనకు ఆఫ్రికా డాక్టరుగా తెలిసినాయనే, ఆర్గన్ విద్వాంసుడు కూడా) ఆర్గన్లను ఫ్యాక్టరీ సరుకులా తయారుచేసే ధోరణిని తప్పుపడుతూ చిన్న పుస్తకం రాశాడు. తర్వాతి దశాబ్దాల్లో చాలామంది నిర్మాతలు తిరిగి బద్దలకే మళ్లారు.

నొక్కే తీరును బట్టి మూత నెమ్మదిగానో చురుగ్గానో తెరుచుకుంటుందని, దాంతో గొట్టం పలుకు మారుతుందని బద్దల పక్షం వాళ్లంటారు. దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. సన్నని బద్దలూ కడ్డీలూ కాస్త సాగుతాయి, వంగుతాయి. పట్టు తెగేదాకా మూత కదలదు. తెగగానే సాగిన బద్ద దాన్ని గభాలున లాగేస్తుంది. ఆ క్షణం మీద వేలికి ఉన్న అదుపు తక్కువే, పెద్ద ఆర్గన్లలో మరీ తక్కువ. ఈ అభ్యంతరం చాలావరకు న్యాయమైనదే. కానీ వేలు మూతకు పంపే కబురు సంగతి అలా ఉంచి, మూత వేలికి పంపే కబురు చూడాలి. నొక్కుడుతో శబ్దం మారదని మొదటే అనుకున్నాం. గొట్టాలను పెట్టెలో పెట్టి తలుపులు తీసి మూసే ఏర్పాటు లండన్‌లో 1712 నుంచే ఉంది గానీ, అది వరస మొత్తాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. ఒక్క స్వరాన్ని ఎత్తి చూపలేదు. అందుకు వాద్యకారుడి చేతిలో మిగిలింది కాలమే. స్వరానికి ముందు చిటికెడు ఖాళీ వదలాలి, లేదా దాన్ని కాస్త నిలపాలి. అంత చిన్న తేడాలతో పని చేసేవాడికి గొట్టం పలికే క్షణం కచ్చితంగా తెలియాలి. పట్టు తెగినప్పటి కుదుపు ఆ క్షణాన్ని చెవికన్నా ముందు వేలికి చెబుతుంది.

కరెంటు అక్కర్లేదనడం మాత్రం మొండితనం. బవేరియాలోని పాస్సౌ కథీడ్రల్‌లో ఐదు ఆర్గన్లను, దాదాపు 18,000 గొట్టాలను, ఒకే కన్సోల్ నుంచి వాయించవచ్చు. వాటిలో ఒకటి పైకప్పు కింది అటకలో ఉంది. ఇది బద్దలతో అయ్యే పని కాదు. అయితే 30 మీటర్ల దూరంలోని గొట్టం పలుకు చెవిని చేరడానికి సెకనులో పదకొండో వంతు పడుతుంది, వేలికేమో ఏ కబురూ ఉండదు. వచ్చే శబ్దం వెంట పోతే చెయ్యి వెనకబడుతుంది కాబట్టి, వాద్యకారుడు తన వాద్యాన్ని కొంత విననట్టే వాయించడం నేర్చుకోవాలి. ఈ లోటు తెలిసే కొందరు తయారీదారులు కరెంటు మెట్లకు కూడా ఆ కుదుపును కృత్రిమంగా తెప్పిస్తున్నారు. వేలికి అది హాయే; కానీ అది చెప్పేది మెట్టు సంగతే, అటకలో మూత తెరుచుకుందో లేదో దానికి తెలియదు.