పొలంలో వానపాము, తొట్టెలో వానపాము

వర్మీ కంపోస్టు షెడ్డులో మగ్గిన పేడను చేత్తో కాస్త పక్కకు తీస్తే ఎర్రటి, సన్నటి వానపాములు గుత్తులు గుత్తులుగా మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. వాటిని కిలోల లెక్కన అమ్ముతారు. కొందరు రైతులు కొని తెచ్చి నేరుగా చేలో వదిలి, ఇక నేల గుల్లబారుతుందని ఆశపడతారు. కొన్నాళ్ళకు తవ్వి వెతికితే ఒక్కటీ దొరకదు. అమ్మినవాడు మోసం చేశాడనుకుంటారు. మోసమేమీ లేదు. ఆ జాతి వానపాము మట్టి తిని బతికేది కాదు, అంతే.

ఫ్రెంచి శాస్త్రవేత్త మార్సెల్ బూషే 1970లలో వానపాములను అవి కాపురముండే చోటును బట్టి మూడు తెగలుగా విడదీశాడు. మొదటి తెగ నేల మీదే, రాలిన ఆకుల్లో, పేడకుప్పల్లో ఉంటుంది. కుళ్ళుతున్న పదార్థమే దాని తిండి. తొట్టెల్లో పెంచేవన్నీ ఈ తెగవే: యూరప్ నుంచి వచ్చిన ఐసీనియా ఫెటిడా, ఆఫ్రికా నుంచి వచ్చిన యూడ్రిలస్ యూజీనియే, మన దేశంలోనూ సహజంగా కనిపించే పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్. రెండో తెగ మట్టి లోపలే అడ్డంగా తొలుచుకుంటూ తిరుగుతుంది. పాలిపోయిన రంగు. మట్టినే మింగి, అందులో ఉన్న కొద్దిపాటి సేంద్రియ పదార్థంతో కడుపు నింపుకుంటుంది. మూడో తెగ నిలువుగా లోతైన బొరియలు చేసుకుని, రాత్రివేళ పైకి వచ్చి ఆకులను లోపలికి లాక్కుపోతుంది. దక్షిణ భారతంలో మామూలుగా కనిపించే లాంపిటో మారిషియై మట్టిలో ఉండే వానపామే. వానాకాలంలో గట్ల మీద, చెట్ల నీడన కనిపించే చిన్న చిన్న మట్టి కుప్పెలు ఇలాంటివి వదిలినవే.

ఆ కుప్పె తయారీని కొంచెం దగ్గరగా చూడాలి. వానపాముకు పళ్ళు లేవు. కండరాలతో బలిసిన గొంతుతో మట్టినీ ఆకు తుంపులనూ లోపలికి పీల్చుకుంటుంది. అక్కడి నుంచి అవి కందనకాయలోకి పోతాయి. కోడికి ఉన్నట్టే వానపాముకూ కందనకాయ ఉంది. మట్టితోపాటు మింగిన ఇసుక రేణువులే అందులో తిండిని నూరతాయి. ఆ తర్వాత పేగు. పేగులోని తేమకూ జిగురుకూ, మట్టిలో తిండి లేక ముడుచుకుని ఉన్న సూక్ష్మజీవులు మేల్కొని పనిలో పడతాయి. ఆకులో చిక్కుకున్న నత్రజని, భాస్వరం మొక్క వేరు తీసుకోగలిగే రూపంలోకి మారతాయి. బయటికి వచ్చే కుప్పెలో ఈ పోషకాలు చుట్టుపక్కల మట్టిలో కంటే ఎక్కువ. అది ఆరితే చినుకులకు తొందరగా చెదరని గుళికగా నిలుస్తుంది. వానపాము పోయిన దారి కూడా వృథా కాదు. జిగురు పూసిన ఆ బొరియలోంచి వాననీరు లోపలికి దిగుతుంది, గాలి ఆడుతుంది, గట్టిపడిన పొరను ఛేదించలేని వేరు ఆ దారినే పట్టుకుని కిందికి పోతుంది.

వానపాముకు ఊపిరితిత్తులు లేవు. తడి చర్మం గుండానే ప్రాణవాయువు లోపలికి పోతుంది. చర్మం ఆరిందా, ఊపిరి ఆగినట్టే. మరి మన ఎండల్లో అవి ఏమవుతున్నట్టు? వేసవిలో చాలా జాతులు లోతుకు దిగి, చిన్న గూడు చేసుకుని, అందులో ఉండలా చుట్టుకుని నిద్రపోతాయి. తిండి ఉండదు, కదలిక ఉండదు. తొలకరి తడి లోపలికి అందాకే మళ్ళీ బయలుదేరతాయి. అందుకే మే నెలలో పార వేసి చూసి, నా చేలో వానపాములే లేవని ఎవరూ దిగులుపడనక్కర్లేదు. ఇక నెలల తరబడి నీళ్ళు నిలిచే వరి మడి చాలా జాతులకు పనికిరాదు. వాటికి అక్కడ గట్లే దిక్కు.

ఈ జీవి విలువను ఓపికగా కొలిచి చూపినవాడు చార్లెస్ డార్విన్. పరిణామ సిద్ధాంతం చెప్పిన ఆయనే. 1837లో లండన్ జియలాజికల్ సొసైటీలో వానపాముల మీద తొలి పత్రం చదివాడు. 1842 డిసెంబరులో తన ఇంటి దగ్గరి పచ్చిక నేల మీద సుద్దరాయి ముక్కలు పరిపించి, 1871లో అక్కడ కందకం తవ్వించి చూశాడు. సుద్ద ముక్కలు ఏడంగుళాల లోతున తెల్లటి గీతలా ఉన్నాయి. 29 ఏళ్ళపాటు వానపాములు కింది మట్టిని తెచ్చి పైన పోస్తూ ఆ ముక్కలను పూడ్చేశాయన్నమాట. ఇంగ్లండులో చాలాచోట్ల ఎకరానికి ఏటా పది టన్నులకు పైగా మట్టి వానపాముల ఒంట్లోంచి వెళ్తుందని ఆయన లెక్క కట్టాడు. కుండీల్లో పెంచి, వాటి ముందు ఈల ఊదించాడు, బసూన్ వాయింపించాడు. అవి చలించలేదు. అవే కుండీలను పియానో మీద పెట్టి మీట నొక్కితే, ఆ అదురుకు చటుక్కున బొరియల్లోకి దూరాయి. చెవులు లేవు గానీ, అదురు మాత్రం ఒళ్ళంతా తెలుస్తుంది. ఈ సంగతులన్నీ 1881లో పుస్తకంగా వచ్చాయి. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశాడు. అంతటి పేరు వచ్చాక, ముసలితనంలో, అంత చిన్న ప్రాణి కోసం అన్ని రాత్రులు వెచ్చించడమే నాకు ఆయనలో అన్నిటికంటే గొప్పగా తోస్తుంది.

ఈ తరం లెక్కలూ ఉన్నాయి. ప్రపంచంలో అనేకచోట్ల జరిగిన ప్రయోగాలను కలిపి 2014లో విశ్లేషిస్తే, వానపాములున్న నేలలో పంట దిగుబడి సగటున 25 శాతం ఎక్కువని తేలింది. పంట మోళ్ళూ ఆకూ నేలకు తిరిగి చేరిన చోట లాభం ఎక్కువ, రసాయన నత్రజని బాగా గుప్పించిన చోట తక్కువ. కారణం సులువుగానే తెలుస్తుంది. వానపాము నత్రజనిని పుట్టించదు. నేలలో, చెత్తలో బిగుసుకున్న దాన్ని విడిపిస్తుంది. విడిపించడానికి ఏదైనా ఉండాలి కదా! ప్రపంచ ధాన్యపు దిగుబడిలో 6.5 శాతం, పప్పుజాతి పంటలనూ కలిపితే ఏటా సుమారు 14 కోట్ల టన్నులు, వానపాముల చలవేనని 2023లో వచ్చిన మరో అధ్యయనం అంచనా వేసింది.

దీన్ని బట్టి మన పొలాల్లో ఏం జరుగుతోందో చూడండి. యంత్రంతో వరి కోయించి, రెండో పంటకు తొందరపడి, మిగిలిన గడ్డికీ కొయ్యకాళ్ళకూ నిప్పు పెడుతున్నాం. మంట వేడి కొన్ని అంగుళాలకు మించి లోపలికి పోదు, కాబట్టి లోతున ఉన్న వానపాము మంటకు చావకపోవచ్చు. కానీ పైకి వచ్చాక తినడానికి బూడిద తప్ప ఏమీ ఉండదు. కార్బోఫ్యూరాన్ పురుగుమందు గుళికలు మాత్రం నేరుగా విషమే. రోటవేటర్ పళ్ళకు చిక్కినవి ముక్కలైపోతాయి. ఒక వానపామును రెండు ముక్కలు చేస్తే రెండు వానపాములవుతాయన్న మాట నిజం కాదు. తల వైపు ముక్క కొన్ని జాతుల్లో తోకను మళ్ళీ పెంచుకుంటుంది. తోక ముక్క మామూలుగా చచ్చిపోతుంది. కాస్త ధైర్యమిచ్చేది గుడ్ల తిత్తులు. అవి చిన్నవి, గట్టివి. దుక్కినీ కరువునూ పెద్ద వానపాముల కంటే బాగా తట్టుకుంటాయి.

వానపాము ఎక్కడున్నా మేలే చేస్తుందనుకుంటే పొరపాటు. ఉత్తర అమెరికా ఉత్తర భాగాన్ని మంచుయుగంలో హిమానీనదాలు కప్పేశాయి. మంచు కరిగాక అక్కడి అడవులు వేల ఏళ్ళు వానపాములు లేకుండానే పెరిగాయి. నేల మీద దట్టంగా పేరుకున్న ఆకుల పరుపులోనే అక్కడి మొలకలూ పూలమొక్కలూ బతుకుతాయి. వలస వచ్చినవారి మొక్కల వేళ్ళ మట్టితో, గాలం వేసేవారు పారబోసిన ఎరలతో యూరప్ వానపాములు అక్కడ చేరాయి. మిన్నెసోటా అడవుల్లో ఆ ఆకుల పరుపును తినేసి నేలను బోడి చేస్తున్నాయి. మన పడమటి కనుమల తోటల్లోనూ దక్షిణ అమెరికా జాతి పాంటోస్కోలెక్స్ స్థిరపడిపోయింది. అందుకే ఏ వానపామునైనా తెచ్చి నేలలో వదలడం కంటే, అక్కడే ఉన్నవాటికి తిండి పెట్టడం మేలని నా నమ్మకం.

ఉన్నాయో లేవో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మంచి వానలు పడ్డాక, పొద్దున పూట, చేలో అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు మట్టిగడ్డ తీసి గోనె మీద పోసి చేత్తో చిదుపుతూ లెక్కపెట్టాలి. గట్టు మీదో, చెట్టు నీడనో అలాంటిదే ఇంకొక గడ్డ తీయాలి. రెండు చోట్లా లేకపోతే నేల బాగుపడటానికి చాలా ఏళ్ళు పడుతుంది. గట్టున ఉండి చేలో లేకపోతే విత్తనం దగ్గరే ఉన్నట్టు. ఆరుతడి చేలో గడ్డి కాల్చకుండా కప్పి, జీలుగో జనుమో కలియదున్ని, గుళికలు ఆపితే అవే లోపలికి పాకుతాయి. మిన్నెసోటాలో వాటి దండు ఏడాదికి అయిదు నుంచి పది మీటర్లు ముందుకు జరుగుతోందని కొలిచారు. మన నేలలో వేగం ఎండను బట్టి, తడిని బట్టి మారుతుంది గనుక, ఏటా అదే నెలలో, గట్టు నుంచి అంతే దూరంలో తవ్వి అంకె రాసిపెట్టుకోవాలి.