వార్తల్లో పదం: బ్లాస్ట్ కణాలు

ఎముక మజ్జలో పుట్టి, ఇంకా పరిణతి చెందని రక్తకణాలే బ్లాస్ట్‌లు. ఆరోగ్యవంతుల మజ్జలో ఇవి 5 శాతం లోపే. 20 శాతానికి చేరితే సాధారణంగా అక్యూట్ ల్యుకేమియా (రక్తక్యాన్సర్)గా పరిగణిస్తారు.

అప్పుడు రక్తపరీక్షలో తెల్లకణాలు మైక్రోలీటరుకు లక్ష దాటి కనిపించినా రోగికి రక్షణ ఉండదు. బ్లాస్ట్‌లు సూక్ష్మజీవులతో పోరాడలేవు. పైగా మజ్జను ఆక్రమించి మంచి కణాలను పుట్టనివ్వవు. సూక్ష్మజీవులతో పోరాడే తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరుకు 500 కన్నా తగ్గితే చిన్న ఇన్‌ఫెక్షనూ ప్రాణం మీదికి తెస్తుంది. క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకేమియాలోనైతే యాంటీబాడీలు తగ్గుతాయి, టి కణాలు నీరసిస్తాయి.

చికిత్స విషయానికొస్తే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం రూపొందించిన అమినోప్టెరిన్ మందుతో పిల్లల్లో ల్యుకేమియా తాత్కాలికంగా తగ్గిందని సిడ్నీ ఫార్బర్ 1948లో వెల్లడించారు. మన దేశంలో 2023 అక్టోబరులో అనుమతి పొందిన నెక్స్‌కార్19 చికిత్సలో రోగి టి కణాలనే జన్యుమార్పుతో క్యాన్సర్ బి కణాలపైకి పంపుతారు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి దగ్గర్లో విశాఖ అగనంపూడిలో హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కీమో తీసుకునేవారికి జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే ఇంట్లో మాత్రతో సరిపెట్టకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.