బ్రిడ్జ్‌లో డిక్లేరర్ ఆట: అపోహలు – వాస్తవాలు

వేలం ముగిసి, డిక్లేరర్ ఎడమ పక్క ఆటగాడు తొలి ముక్క వేయగానే డమ్మీ చెయ్యి బల్ల మీద పరుస్తారు. ఇక 26 ముక్కల పెత్తనం డిక్లేరర్‌దే. వచ్చే పట్లు లెక్కపెట్టకుండా వెంటనే ముక్క వేసేయడం చాలామంది అలవాటు. చెడిపోయే కాంట్రాక్టులు ఎక్కువగా అక్కడే చెడతాయి.

అపోహ: ముందు తురుపులన్నీ లాగేయాలి.

కొత్తవాళ్లకు మొదట నూరిపోసే ఈ మాటలో నిజం సగమే. నాలుగు ఇస్పేట్ల కాంట్రాక్టులో పది పట్లు కావాలి. డిక్లేరర్ చేతిలో ఇస్పేటు ఆసు, రాజు, రాణి, జాకీ, 10. ఆఠీను ఆసు, 7, 3. డైమను ఆసు, రాజు, 4. కళావరు 6, 2 ఉన్నాయి. డమ్మీలో ఇస్పేటు 9, 8, 7. ఆఠీను 5, 4. డైమను 7, 5, 2. కళావరు ఆసు, 9, 7, 4, 3. ఖాయమైన పట్లు తొమ్మిదే. పదోది రావాలంటే మూడో ఆఠీనును డమ్మీ తురుపుతో కొట్టాలి. తురుపులు మూడుసార్లు లాగితే డమ్మీలో ఒక్క ఇస్పేటూ మిగలదు, పదో పట్టూ ఉండదు. కాబట్టి ముందు ఆఠీను ఆసు ఆడి, రెండో ఆఠీను పోగొట్టుకుని, మూడోదాన్ని కొట్టాలి. బయట ఉన్న ఇస్పేట్లలో పెద్దది 6 కనుక డమ్మీ తురుపు మీద ఎవరూ పైముక్క వేయలేరు. తురుపులు లాగడం ఆ తర్వాతి పని. డమ్మీ తురుపులతో పనిలేని చేతుల్లో మాత్రం పాత సలహానే సరైనది.

అపోహ: రాణి లేకపోతే ఫినెస్ చేయాల్సిందే.

ఫినెస్ ఫలించేది సగంసార్లే. ఆసు, రాజు, జాకీ ఉండి రెండు చేతుల్లో కలిపి ఆ రంగువి తొమ్మిది ముక్కలుంటే, పైముక్కలు ఆడి రాణి పడుతుందేమో చూడటానికే పిసరంత మొగ్గు. ఎనిమిదే ఉంటే ఫినెస్ మేలు. రెండు రంగుల్లో రాణులు లేక, ఒకటి దొరికితే చాలన్నప్పుడు ఒక రంగులో ఆసు, రాజు ఆడి చూసి, పడకపోతే రెండో రంగులో ఫినెస్‌కు వెళ్లడం తెలివైన పని. రెండు అవకాశాలూ చేతిలో ఉంటాయి.

అపోహ: బయటి ముక్కలు సమానంగా పంచుకుని ఉంటాయి.

ఆరు ముక్కలు 3–3గా ఉండేది 36 శాతమే; 4–2గా 48 శాతం. నాలుగు ముక్కలైతే 2–2 కన్నా 3–1 ఎక్కువ. బేసి సంఖ్య అయితే కథ వేరు: ఐదు ముక్కలు 3–2గా ఉండే అవకాశం 68 శాతం.

అపోహ: పట్టు వస్తుంటే వదలకూడదు.

నో ట్రంప్‌లో ప్రత్యర్థులు దాడి చేసిన రంగులో ఆసుతో మూడు ముక్కలు, డమ్మీలో రెండు చిన్నవి ఉంటే రెండుసార్లు వదిలి మూడోసారి ఆసు వేయడం మేలు. ఏడులోంచి రెండు చేతుల ముక్కల మొత్తం తీసేస్తే ఎన్నిసార్లు వదలాలో వస్తుంది. ఒక ప్రత్యర్థి దగ్గర ఆ రంగు అయిపోతే, తర్వాత అతను గెలిచినా భాగస్వామికి అందించలేడు. అయితే మరో రంగులో ఇంతకన్నా పెద్ద ప్రమాదం పొంచి ఉంటే ఈ లెక్క చెల్లదు.

అపోహ: ఎన్ని ఎక్కువ పట్లు వస్తే అంత మంచి ఆట.

రబ్బర్ బ్రిడ్జ్‌లో డబుల్ కాని అదనపు పట్టు విలువ 20 లేదా 30 పాయింట్లు. దానికోసం కాంట్రాక్టును పణంగా పెట్టడం దండగ. పెయిర్స్ పోటీల్లో మాత్రం అవే ముక్కలు ఆడిన ఇతర జంటలతో పోల్చి మార్కులిస్తారు కనుక ఆ ఒక్క పట్టే స్థానాన్ని తేల్చవచ్చు.