షహానియాలో బ్యాటరీ బండి

ఖతర్‌లోని అల్ షహానియాలో హైవేని భయం లేకుండా దాటే వీలు ఒంటెలకు దొరికింది. దుఖాన్ హైవేని వెడల్పు చేసినప్పుడు రేసు ఒంటెలు అటూ ఇటూ పోవడానికి రోడ్డు కింద నుంచి దారి తీశారు. పైన కార్లు, కింద ఒంటెలు. ఒకదానికొకటి ఎదురు పడే పనే లేదు. నేను ఇక్కడ ఒక కంపెనీ క్యాంపులో సేఫ్టీ ఆఫీసర్‌ని, మాది జగిత్యాల దగ్గర పల్లె. బ్యాటరీ స్కూటర్లకు ఎలాంటి రూల్ ఉండాలి అని మా వాళ్లెవరైనా అడిగితే ముందు ఆ ఒంటెల దారి చూసి రమ్మంటాను.

షహానియా దోహాకు పడమటి దిక్కున ఉంటుంది. 2014లో ప్రత్యేక మునిసిపాలిటీ అయింది. మెట్రో గ్రీన్ లైన్ మాల్ ఆఫ్ ఖతర్ పక్కనున్న అల్ రిఫా స్టేషన్‌తో ఆగిపోతుంది. అక్కడి నుంచి ఇంకా చాలా దూరం బస్సులో రావాలి. బస్సు దిగాక అసలు కష్టం మొదలు. క్యాంపులు, మజ్రాలు (పొలాలు), ఒంటెల ఎజ్బాలు (దొడ్లు) రోడ్డుకు దూరంగా ఇసుకలో విసిరేసినట్టు ఉంటాయి. మే నెల ఎండలో రెండు కిలోమీటర్లు నడిచి బకాలాకి (కిరాణా కొట్టుకి) వెళ్లి, బియ్యం సంచి భుజాన వేసుకుని వెనక్కి రావడం ఎలా ఉంటుందో వచ్చినవాడికే తెలుసు. ట్యాక్సీ ఎక్కితే నెల ఖర్చు తలకిందులవుతుంది. అందుకే మనవాళ్లు ఎవరో వాడి అమ్మేసిన నిలబడి నడిపే బ్యాటరీ స్కూటరో, బ్యాటరీ సైకిలో కొంటారు. అది వాళ్లకు షోకు కాదు. దోహా కార్నిష్ దగ్గర పిల్లలు సరదాకి నడిపే బండీ, మజ్రాలో పనిచేసే మనిషి బండీ చూడటానికి ఒకలాగే ఉండొచ్చు. కానీ రూల్ రాసేవాళ్ల కళ్లకు ఎప్పుడూ మొదటిదే కనిపిస్తుందని నా అనుమానం.

ట్రాఫిక్ వ్యవహారం ఇక్కడ మునిసిపాలిటీ చేతిలో ఉండదు. అది అంతర్గత వ్యవహారాల మంత్రిత్వ శాఖ కింద ఉన్న ట్రాఫిక్ డైరెక్టరేట్ చూసుకుంటుంది. హెల్మెట్ పెట్టుకోండి, మెరిసే జాకెట్ వేసుకోండి, రాత్రి లైటు వెలిగించండి, కేటాయించిన దారిలోనే వెళ్లండి అని ఆ శాఖ చెబుతూనే ఉంది. మంచి మాటలే. కానీ 2007 నాటి 19వ నంబరు ట్రాఫిక్ చట్టం రాసేనాటికి ఇలాంటి బండ్లు వీధుల్లోకి ఇంతగా రాలేదు. పైగా ‘కేటాయించిన దారి’ దోహాలో కనిపించినంత సులువుగా మా క్యాంపు గేటు ముందు కనిపించదు.

చిన్న లెక్క చూద్దాం. హైవే మీద కారు గంటకు 120 కిలోమీటర్లతో వస్తోంది. అదే దిక్కులో అంచున మన స్కూటర్ 20తో పోతోంది. రెండింటి మధ్య తేడా గంటకు 100 కిలోమీటర్లు. అంటే కారు సెకనుకు దాదాపు 28 మీటర్ల చొప్పున స్కూటర్ మీదికి వస్తున్నట్టు. రాత్రి స్కూటర్ వెనక మిణుకుమనే లైటు డ్రైవరుకు 50 మీటర్ల దూరంలో కనిపించిందనుకుంటే, రెండు సెకన్లు కూడా లేవు. చూసి, అర్థం చేసుకుని, కాలు బ్రేకు మీద పెట్టేసరికే అందులో చాలా భాగం అయిపోతుంది. అక్కడ హెల్మెట్ చేసేది ఏమీ ఉండదు. హెల్మెట్ పనికొచ్చేది వేరే ప్రమాదంలో. ఎనిమిది, పది అంగుళాల చక్రం ఇసుక మేట మీదనో, రోడ్డు అతుకులోనో ఆగిపోతే మనిషి ముందుకు ఎగిరి పడతాడు. ఇలాంటి ప్రమాదాలే ఎక్కువ. కాబట్టి హెల్మెట్ మానొద్దు.

పక్కనున్న దుబాయ్ 2022లో ఇలాంటి స్కూటర్లకు నియమావళి తెచ్చింది. 16 ఏళ్లు నిండాలి, ఎంపిక చేసిన ప్రాంతాల్లోనే నడపాలి, డ్రైవింగ్ లైసెన్స్ లేనివాళ్లు ఆన్‌లైన్‌లో ఉచిత శిక్షణ పూర్తి చేసి పర్మిట్ తీసుకోవాలి. సింగపూర్ 2019 నవంబర్ 5 నుంచి ఫుట్‌పాత్‌ల మీద స్కూటర్లను నిషేధించింది. ప్యారిస్ 2023లో జనాన్ని ఓటు అడిగి అద్దె స్కూటర్లను ఊళ్లోంచే పంపేసింది. మన దేశంలో దారి ఇంకోటి. మోటారు శక్తి 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు, బ్యాటరీ తీసేస్తే బరువు 60 కిలోలకు లోపు ఉంటే అది మోటారు వాహనమే కాదు పొమ్మంది 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళి. రిజిస్ట్రేషన్ లేదు, లైసెన్స్ లేదు. అది చూసి వచ్చిన మా కుర్రాళ్లు ఇక్కడా అంతే అనుకుంటారు. ఆ మాట షుర్తా (పోలీసుల) దగ్గర చెల్లదు.

ఇంతవరకూ రోడ్డు సంగతి. నా నిద్ర చెడగొట్టేది మాత్రం రోడ్డు కాదు, గది. ఎనిమిది మంచాల గదికి ఒకే తలుపు ఉంటుంది. ఆ తలుపు పక్కనే ప్లగ్గు, ఆ ప్లగ్గుకు ఎక్స్‌టెన్షన్ బోర్డు, బోర్డుకు రాత్రంతా చార్జింగ్‌లో స్కూటర్. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో రాత్రి ఇంట్లో చార్జింగ్‌కి పెట్టిన బ్యాటరీ పేలి ఒక పెద్దాయన పోయారు. అదే నెలలో విజయవాడలో బండి కొన్న మర్నాడే పడకగదిలో బ్యాటరీ పేలి ఇంటి యజమాని చనిపోయాడు. సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింద విద్యుత్ బైకుల షోరూమ్ ఉన్న హోటల్లో మంటలు లేచి ఎనిమిది మంది బలయ్యారు. ఆ ఏడాది చివర్లోనే కేంద్రం ఏఐఎస్ 156 అనే బ్యాటరీ ప్రమాణాన్ని కఠినం చేసింది. ఒక సెల్లుకు నిప్పంటుకుంటే పక్క సెల్లుకు పాకకుండా ఆపడం అందులో ముఖ్యం. మా గదుల్లోకి వచ్చే సెకండ్‌హ్యాండ్ సరుకును ఏ ప్రమాణంతో చేశారో అమ్మినవాడికే తెలియదు.

మామూలుగా జరిగే తప్పు చార్జర్ దగ్గర. 36 వోల్టుల బ్యాటరీ నిండితే 42 వోల్టులు చూపిస్తుంది. 48 వోల్టులది 54.6 దాకా పోతుంది. రెండు చార్జర్ల పిన్నూ చాలాసార్లు ఒకటే సైజు. 36 వోల్టుల బండికి పక్క మంచం వాడి 48 వోల్టుల చార్జర్ గుచ్చితే లైటు వెలుగుతుంది, పని జరుగుతున్నట్టే ఉంటుంది, లోపల మాత్రం సెల్లులు మితిమీరి నిండుతుంటాయి. ఎండలోంచి తెచ్చి, బాగా వేడెక్కి ఉన్న బ్యాటరీని వెంటనే ప్లగ్గుకు తగిలించడం రెండో తప్పు. ఇక లిథియం మంట అంటుకుంటే గోడకున్న మంటలార్పే చిన్న సిలిండర్‌తో అది అణగదు. ఆరినట్టే ఆరి మళ్లీ లేస్తుంది. దాని పొగ విషం. బండి తలుపు దగ్గరే ఉంటే బయటికి దారే లేదు.

మా క్యాంపులో నేను అడిగి సాధించింది ఒక్కటే. గదులకు దూరంగా రేకుల షెడ్డు, దానికి విడి బ్రేకర్, రాత్రి పదికి కరెంటు కట్. మొదట్లో తిట్టారు. తిట్టనీ.

షహానియాకు కొత్త రూలంటే కొత్త కాదు. ఒంటెల మీద చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి పరిగెత్తించడాన్ని 2005లో ఖతర్ నిషేధించింది. అప్పుడు పందెమే పోతుందన్నవాళ్లు ఉన్నారు. స్విట్జర్లాండ్ కంపెనీతో కలిసి రోబో జాకీలను చేయించారు. ఈ రోజు యజమానులు పక్కన కార్లలో పోతూ రిమోట్‌తో వాటిని నడుపుతున్నారు. నిషేధంతో పాటు దానికి బదులుగా వాడుకునే వస్తువు కూడా ఇచ్చారు కాబట్టి ఆ రూల్ నిలబడింది. స్కూటర్ హైవే ఎక్కొద్దు అనడం సబబే. బస్ స్టాప్ నుంచి క్యాంపుల దాకా నాలుగడుగుల గట్టి దారి, దీపాలు కూడా వేస్తే ఎక్కమన్నా ఎవడూ ఎక్కడు.

అంతవరకు మీ ఇంటి మనిషి ఖతర్‌లో ఉంటే ఫోన్‌లో ఈ మూడూ అడగండి. బండికి దానితో వచ్చిన చార్జరే వాడుతున్నాడా? ఎక్కడ చార్జింగ్ పెడుతున్నాడు? హైవే అంచున పోతున్నాడా? మూడోదానికి అవునంటే బండి అమ్మేయమని చెప్పండి. ఏదైనా జరిగితే ఇక్కడి అత్యవసర నంబరు 999.