ఇంటి అప్పు ముందే తీరాలంటే: పిల్లల చదువు ఆగకుండా పథకాల డబ్బును, నెల ఖర్చును ఎలా సర్దుకోవాలి?

వరికుంటపాడు మండలం, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల లబ్ధిదారుల కోసం

మన వైపు చాలా కుటుంబాలకు నెల జీతం లేదు. వానాధార పంట, కూలి, మేస్త్రీ పని, ఉపాధి పని, బయటి ఊళ్లకు వలస. డబ్బు వచ్చినప్పుడు వస్తుంది, రానప్పుడు రాదు. కానీ ఇల్లు తనఖా పెట్టి తీసుకున్న అప్పుకు కంతు మాత్రం ప్రతి నెలా అదే తేదీకి కట్టాలి. దస్తావేజులు బ్యాంకులో ఉన్నాయన్న దిగులు ఇంట్లో అందరికీ ఉంటుంది.

ఇంటికి వచ్చే పథకాల డబ్బును, నెల ఖర్చును ఒక వరసలో పెట్టుకుంటే ఈ అప్పు గడువు కంటే ముందే తీరుతుంది. ఎలాగో చూడండి.

1. ముందు మీ అప్పులన్నీ ఒకే లెక్కలోకి తెచ్చుకోండి

బ్యాంకు వాళ్లు వడ్డీని ఏడాదికి శాతంలో చెబుతారు. ఊళ్లో వడ్డీని నూటికి నెలకు రూపాయల్లో చెబుతారు. రెండూ పోల్చాలంటే ఊరి వడ్డీని 12తో గుణించండి.

• పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతం
• రూపాయి వడ్డీ అంటే 12 శాతం
• రెండు రూపాయల వడ్డీ అంటే 24 శాతం
• మూడు రూపాయల వడ్డీ అంటే 36 శాతం

ఇంటి అప్పు 9 శాతం అనుకుంటే అది నూటికి ముప్పావలా వడ్డీ. పొదుపు సంఘాలకు 3 లక్షల వరకు బ్యాంకు లింకేజీ రుణం 7 శాతానికి ఇస్తారు. అది ముప్పావలా కన్నా తక్కువే.

ఒక నోటు పుస్తకంలో ఇంటి అప్పు, సంఘం అప్పు, బంగారం కుదువ, ఎరువుల కొట్టు బాకీ, చేబదులు అన్నీ రాయండి. ఒక్కోదాని ఎదురుగా మిగిలిన అసలు ఎంత, వడ్డీ ఎంత, ఏ తేదీకి కట్టాలి అన్నది రాయండి. బంగారం కుదువ పెట్టిన రసీదు మీద వడ్డీ రేటు ఉంటుంది, చూసి రాసుకోండి.

2. ఏ అప్పు ముందు తీర్చాలి?

ఇంటి అప్పు పెద్దది కాబట్టి భయం దాని మీదే ఉంటుంది. చేతికి డబ్బు రాగానే దానికే కట్టేద్దాం అనిపిస్తుంది. లెక్క వేరుగా ఉంది.

రూ.20,000 మీద మూడు రూపాయల వడ్డీ నెలకు రూ.600, ఏడాదికి రూ.7,200. అదే రూ.20,000 ఇంటి అప్పు మీద 9 శాతం వడ్డీ ఏడాదికి రూ.1,800. చేతిలో ఉన్న రూ.20,000తో ముందు ఇంటి అప్పు తగ్గించి, ఊరి అప్పు అలాగే ఉంచితే ఏడాదికి రూ.5,400 నష్టం.

కాబట్టి వరస ఇది:
• అన్ని కంతులూ తేదీకి కట్టాలి. ఏదీ తప్పకూడదు.
• అదనంగా వచ్చిన డబ్బు ముందు ఎక్కువ వడ్డీ అప్పుకు వెళ్లాలి.
• అది తీరాక ఇంటి అప్పు అసలుకు కట్టాలి.
• ప్రభుత్వ ఇంటి కోసం పావలా వడ్డీకి తీసుకున్న రుణం ఉంటే, దాన్ని ముందే తీర్చాలన్న తొందర అక్కర్లేదు. వాయిదా మాత్రం తప్పొద్దు.

ఊరి అప్పు తీర్చిన రోజే ప్రోనోటు వెనక్కి తీసుకోండి. దాని మీద ‘చెల్లు’ అని రాయించి సంతకం పెట్టించుకోండి.

3. పథకాల డబ్బును ఎలా వాడుకోవాలి?

తల్లికి వందనం: 2025 జూన్ 12న ఈ పథకం డబ్బు వేయడం మొదలైంది. ఒకటో తరగతి నుంచి ఇంటర్ వరకు చదివే ఒక్కో బిడ్డకు రూ.15,000. ఇందులో రూ.13,000 తల్లి ఖాతాకు వస్తుంది, రూ.2,000 బడి నిర్వహణకు పోతుంది. ఇద్దరు పిల్లలుంటే మీ ఖాతాకు రూ.26,000. ఇది పిల్లల చదువు కోసం ఇచ్చిన డబ్బు. ముందు వాళ్ల అవసరం తీరాలి, మిగిలినదే అప్పుకు. బిడ్డ ఇంటర్‌లో ఉండి ఫీజుకు, హాస్టల్‌కు మొత్తం అవసరమైతే మొత్తం దానికే పెట్టండి. ప్రభుత్వ బడిలో పుస్తకాలు, బ్యాగు, యూనిఫాం, బూట్లు విద్యార్థి మిత్ర కిట్‌లో వస్తాయి. అవి మళ్లీ బయట కొనకండి. హాజరు 75 శాతానికి తగ్గకుండా చూసుకోండి.

అన్నదాత సుఖీభవ: పీఎం కిసాన్ రూ.6,000తో కలిపి ఏడాదికి రూ.20,000, మూడు విడతల్లో. మొదటి విడత 2025 ఆగస్టు 2న పడింది. ఈ డబ్బును విత్తనాలకు, ఎరువులకు చేతి నగదుగా వాడుకుంటే కొట్టులో అరువు పెట్టే పని తగ్గుతుంది. అరువు సరుకుకు ధర ఎక్కువ వేస్తే అదీ వడ్డీయే.

దీపం-2: ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, నాలుగు నెలలకు ఒకటి. ముందు మీరు డబ్బు కట్టాలి, తర్వాత మీ ఖాతాకు తిరిగి వస్తుంది. అందుకని ఒక సిలిండర్ డబ్బు ఎప్పుడూ పక్కన ఉండాలి. తిరిగి వచ్చిన డబ్బును మళ్లీ అక్కడే పెట్టండి.

స్త్రీ శక్తి: 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపాలి. ఉదయగిరికో, వింజమూరుకో, కావలికో పోయినప్పుడు మిగిలిన చార్జీ ఇంటికి రాగానే డబ్బాలో వేయండి. పక్కన పెట్టకపోతే మిగిలినట్టు తెలియదు.

ఎన్టీఆర్ వైద్య సేవ: ఒక్క ఆపరేషన్ చాలు, ఇల్లు మళ్లీ అప్పులో పడటానికి. ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు కట్టే ముందే ఆ జబ్బు పథకంలో ఉందా, ఆ ఆసుపత్రి జాబితాలో ఉందా అని 104కు ఫోన్ చేసి అడగండి.

4. కూలి డబ్బుతో నెల కంతు ఎలా?

కూలి వారానికి వస్తే కంతు కూడా వారానికే పక్కన పెట్టాలి. ఉదాహరణకు రూ.4 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, 15 ఏళ్ల గడువు అయితే నెల కంతు సుమారు రూ.4,057. వారానికి రూ.1,000 చొప్పున పక్కన పెడితే ఏడాదికి 52 వారాలకు రూ.52,000 అవుతుంది. 12 కంతులకు అయ్యేది రూ.48,684. ఏడాది చివర రూ.3,300 మిగులుతుంది.

పని లేని వారాలు ఉంటాయి. అందుకే పని బాగా ఉన్న నెలల్లో కనీసం రెండు కంతుల డబ్బు ఖాతాలో ముందే ఉంచుకోండి. పొగాకు, మినుము అమ్మిన డబ్బు చేతికి వచ్చిన రోజే ఆ పని చేయాలి. పండగ, పెళ్లి ఖర్చుల తర్వాత చేద్దాం అనుకుంటే మిగలదు.

5. ఒక ఇంటి లెక్క చూద్దాం

భార్యాభర్తలు, బడికి పోయే ఇద్దరు పిల్లలు. ఇంటి అప్పు రూ.4 లక్షలు. ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి రూ.20,000 అప్పు. తల్లికి వందనం రూ.26,000 వచ్చింది.

మొదటి ఏడాది ఆ డబ్బు ఇలా సర్దుకున్నారు:
• పిల్లల నోటు పుస్తకాలు, చిన్న ఖర్చులు: రూ.4,000
• ఊరి అప్పు అసలు మొత్తం: రూ.20,000
• సిలిండర్‌కు, అత్యవసరానికి: రూ.2,000

మరుసటి నెల నుంచి ఊరి వడ్డీ రూ.600 కట్టే పని లేదు. ఆ రూ.600 ఖర్చులో కలిసిపోకుండా నెల నెలా పొదుపు ఖాతాలో వేశారు. ఏడాదికి రూ.7,200. వారం లెక్కలో మిగిలిన రూ.3,300 కలిపితే రూ.10,500. ఇందులో రూ.10,000 ఏటా ఇంటి అప్పు అసలుకు కట్టారు.

ఫలితం: 15 ఏళ్ల అప్పు 11 ఏళ్లలోపే తీరుతుంది. నాలుగేళ్ల కంతులు తప్పుతాయి. మామూలుగా మొత్తం మీద రూ.3.30 లక్షల వడ్డీ అయ్యేది, సుమారు రూ.2.30 లక్షలతో సరిపోతుంది. పదేళ్లలో అదనంగా కట్టింది లక్ష, మిగిలిన వడ్డీ కూడా సుమారు లక్ష.

ఈ లెక్కలో పథకం డబ్బు అప్పుకు వాడింది ఒక్కసారే. ఆ తర్వాత ఇంటి అప్పును తగ్గించింది మిగిలిన వడ్డీ, వారం లెక్కలో మిగిలిన డబ్బే. రెండో ఏడాది నుంచి తల్లికి వందనం డబ్బు పూర్తిగా పిల్లలకే ఉంది. పిల్లల ఇంటర్ అయిపోయి ఆ డబ్బు ఆగినా ఈ లెక్క ఆగదు.

6. అసలుకు కట్టేటప్పుడు జాగ్రత్తలు

మొదటి ఏళ్లలో కంతులో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. పై ఉదాహరణలో మొదటి నెల కట్టిన రూ.4,057లో రూ.3,000 వడ్డీ, రూ.1,057 మాత్రమే అసలు. అందుకే అదనపు డబ్బు ఎంత ముందు కడితే అంత లాభం.

• ఊరికే ఖాతాలో వేసి రావద్దు. ఇలా రాసి ఇవ్వండి: “ఈ రూ.10,000 నా ఇంటి రుణం అసలులో జమ చేయగలరు. నెల కంతు అలాగే ఉంచి గడువు తగ్గించగలరు.” ఒక కాపీ మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి.
• మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి అప్పును ముందే కడితే జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. స్థిర వడ్డీ అయితే మీ ఒప్పంద పత్రం చూసుకోండి.
• 2025లో రిజర్వు బ్యాంకు రెపో రేటును 6.50 నుంచి 5.25 శాతానికి తగ్గించింది. మీది మారే వడ్డీ అయితే మీ వడ్డీ ఎంత తగ్గిందో, కంతు తగ్గిందో గడువు తగ్గిందో బ్యాంకులో అడగండి.
• ఏడాదికోసారి అప్పు స్టేట్‌మెంట్ తీసుకుని మిగిలిన అసలు చూసుకోండి.

7. కంతు కట్టలేని పరిస్థితి వస్తే?

దాక్కోవద్దు. కంతు తేదీకి ముందే బ్యాంకుకు పోయి కారణం రాసి ఇవ్వండి, గడువు పెంచమని అడగండి. 90 రోజులు దాటితే అప్పు మొండి బాకీ అవుతుంది. ఆ తర్వాత 60 రోజుల గడువుతో నోటీసు ఇచ్చి, అప్పటికీ కట్టకపోతే తనఖా ఇంటిని స్వాధీనం చేసుకునే చర్య మొదలు పెట్టవచ్చు. ఆ నోటీసు వస్తే ఆ 60 రోజుల్లోపే రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. ఇంటి కంతు కోసం మూడు రూపాయల వడ్డీకి అప్పు తేవడం మొదలైతే అది ఆగదు. ముందు సంఘం రుణం, స్త్రీనిధి అడగండి.

సంపాదించే మనిషికి ఏమైనా అయితే ఇల్లు పోకూడదు. బ్యాంకు ఖాతా ఉన్నవారికి జీవన్ జ్యోతి బీమా ఏడాదికి రూ.436, సురక్షా బీమా రూ.20. మొదటిది ఏ కారణంతో మరణించినా, రెండోది ప్రమాదంలో మరణించినా రూ.2 లక్షలు ఇస్తాయి. జీవన్ జ్యోతిలో 18 నుంచి 50 ఏళ్ల వారు, సురక్షాలో 18 నుంచి 70 ఏళ్ల వారు చేరవచ్చు. మే నెలాఖరులో ప్రీమియం ఖాతా నుంచి పోతుంది, అప్పటికి డబ్బు ఉండేలా చూసుకోండి.

8. అప్పు మొత్తం తీరిన రోజు

బకాయి లేదన్న పత్రం తీసుకోండి. అప్పు తీరిన 30 రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు రూ.5,000 చొప్పున మీకు పరిహారం రావాలి. ఇది 2023 డిసెంబర్ 1 నుంచి ఉన్న నిబంధన. తనఖా రిజిస్టర్ అయి ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రద్దు చేయించుకుని, ఈసీ తీసి చూసుకోండి.

ఎక్కడ అడగాలి?

• పథకం డబ్బు పడలేదంటే: గ్రామ సచివాలయం. ఖాతాకు ఆధార్, ఎన్‌పీసీఐ లింకు ఉందో లేదో బ్యాంకులో చూపించుకోండి.
• మన మిత్ర వాట్సాప్: 95523 00009
• సంఘం, స్త్రీనిధి రుణాలు: మండల వెలుగు కార్యాలయం
• బ్యాంకు మీద ఫిర్యాదు: ముందు బ్రాంచిలో రాసి ఇవ్వండి. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్, ఫోన్ 14448
• డబ్బు వచ్చిందంటూ లింకు పంపి ఓటీపీ అడిగితే చెప్పొద్దు. మోసపోతే వెంటనే 1930కు ఫోన్ చేయండి.

ఈ రాత్రికే నోటు పుస్తకం తీసి, భార్యాభర్తలు ఇద్దరూ కూర్చుని అప్పుల పట్టీ రాసుకోండి. ఎక్కువ వడ్డీ ఏదో దాని కింద గీత గీయండి. ముందు తీర్చాల్సింది అదే.