కరువు సీమలో మనుషులు కట్టిన సరస్సులు

అట్లాసులో ఆఫ్రికా ఖండం పటం తెరిచి చూడండి. తూర్పు వైపున ఇథియోపియా మొదలుకొని కెన్యా, టాంజానియాల మీదుగా దక్షిణానికి నీలిరంగు మచ్చలు పూసలదండలాగా కనిపిస్తాయి. అవన్నీ సరస్సులు. వాటిలో చాలావరకు ఎత్తయిన పీఠభూముల మీద ఉన్నాయి. కెన్యాలోని నకూరు, నైవాషా సరస్సులు సముద్రమట్టానికి 1,700 మీటర్ల కంటె పైన ఉన్నాయి. అక్కడ భూమి పైపొర రెండు వైపులకూ జరిగి, నడుమ భాగం కుంగిపోయి, పొడవాటి లోయ ఏర్పడింది. ఆ లోయ అడుగున నీరు నిలిచి సరస్సులయ్యాయి. ఇథియోపియాలోని తానా సరస్సు కథ వేరు. అగ్నిపర్వతాల లావా ప్రవహించి, గట్టిపడి, నీటి దారికి అడ్డుకట్టగా నిలిచింది.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ పటంలో అనంతపురం ప్రాంతం చూడండి. ఇదీ పీఠభూమే. ఇక్కడ కూడా వందలకొద్దీ నీలిరంగు మచ్చలున్నాయి. కాని ఇక్కడ భూమి చీలలేదు, లావా వచ్చి నీటిని ఆపలేదు. మరి దేశంలోనే వానలు బాగా తక్కువగా పడే ఈ చోట ఇన్ని సరస్సులు ఎలా వచ్చాయి?

సమాధానం ఒక్క మాటలో చెప్పవచ్చు: మనుషులు కట్టారు. వాటినే మనం చెరువులంటాం.

వాన ఎందుకు తక్కువ?

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. కోస్తాలో చాలా చోట్ల పడే వానలో ఇది సగం మాత్రమే. ఇందుకు కారణం ఈ ప్రాంతం ఉన్న చోటే.

జూన్‌లో నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం మీది తేమను మోసుకొని వస్తాయి. పడమటి కనుమలు వాటికి అడ్డుగోడ. గాలి ఆ కొండలెక్కేటప్పుడు చల్లబడి, తన తేమలో చాలా భాగాన్ని అక్కడే కురిపించేస్తుంది. కొండ దిగి తూర్పుకు వచ్చే గాలి వేడెక్కి పొడిగా మారుతుంది. అలాంటి చోటును వర్షచ్ఛాయా ప్రాంతం అంటారు. ఇక అక్టోబరు నుంచి వీచే ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతం నుంచి వస్తాయి. నెల్లూరు తీరాన్నీ, తూర్పు కనుమలనూ దాటి పీఠభూమి మీదికి వచ్చేసరికి వాటి బలం తగ్గిపోతుంది. ఒక సముద్రం వాన కొండల అవతలే ఆగుతుంది, రెండో సముద్రం వాన దారిలోనే అయిపోతుంది!

పడిన కాస్త వాన అయినా నేలలోకి ఇంకుతుందా అంటే, అదీ కష్టమే. ఇక్కడి నేలకింద ఉన్నది చాలా పురాతనమైన గ్రానైటు, నైస్ శిలలు. వాటి వయస్సు 250 కోట్ల సంవత్సరాలకు అటూ ఇటూ ఉంటుంది. వాటి మీద ఉన్న ఎర్రమట్టి పొర పలచన. నీరు దాగడానికి మెత్తబడిన పైరాయీ, అడుగు రాళ్లలోని పగుళ్లూ తప్ప వేరే చోటు లేదు. అందుచేత గట్టివాన కురిస్తే నీరు వంకలలో ఉరికి, కొద్దిగంటల్లోనే వెళ్లిపోతుంది.

ఈ పీఠభూమి దక్షిణం నుంచి ఉత్తరానికి వాలి ఉంది. హిందూపురం ప్రాంతం 600 మీటర్లకు పైన ఉంటే, అనంతపురం పట్టణం సుమారు 350 మీటర్ల ఎత్తులో ఉంది. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన పెన్నా నది అందుకే మొదట ఉత్తరానికి ప్రవహించి, ఆ తరువాత తూర్పుకు తిరుగుతుంది. మొత్తం 597 కిలోమీటర్లు ప్రయాణించి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. దాని ఉపనది చిత్రావతి కూడా ఉత్తరానికే సాగుతుంది. రెండూ ఏడాదిలో చాలా నెలలు ఇసుక దారులుగానే ఉంటాయి.

ఒక చిన్న లెక్క

చెరువు కట్టాలన్న ఆలోచన ఎంత గొప్పదో తెలియాలంటే ఈ లెక్క చేసి చూడండి. ఒక చెరువులోకి 10 చదరపు కిలోమీటర్ల నేల మీది నీరు వచ్చి చేరుతుందనుకుందాం. ఒక వానకు ఆ నేల మీదినుంచి ఒక్క సెంటీమీటరు మందం నీరు మాత్రమే పారింది. అది ఎంత? కోటి చదరపు మీటర్లను 0.01 మీటరుతో గుణిస్తే 1,00,000 ఘనమీటర్లు, అంటే 10 కోట్ల లీటర్లు! ఆ నీరు 10 హెక్టార్ల చెరువులో చేరితే ఒక మీటరు లోతున నిలుస్తుంది. నేలంతా పరుచుకొని ఉన్నప్పుడు మన చీలమండకూడా తడవని నీరు ఒకచోట చేరితే ఒక ఊరిని బతికించగలదు.

అయితే దీనికి రెండు షరతులున్నాయి. నీరు వచ్చే దారి తెరిచి ఉండాలి. వచ్చిన నీటిని నిలబెట్టే కట్ట గట్టిగా ఉండాలి.

కట్ట, తూము, మరువ

చెరువు కట్టిన పద్ధతి చూడండి. రెండు గుట్టల నడుమ వంక పారే చోటు ఎంచుకొని, అడ్డంగా మట్టి కట్ట వేస్తారు. అలలు కోయకుండా లోపలి వైపు రాళ్లు పేరుస్తారు. పొలాలకు నీరు వదలడానికి కట్ట అడుగున తూము ఉంటుంది. నిండిన తరువాత అదనపు నీరు పోవడానికి ఒక పక్కన రాతితో కట్టిన మరువ ఉంటుంది. మరువ మీదుగా పోయిన నీరు వృథా కాదు. అది దిగువనున్న మరో చెరువుకు చేరుతుంది. అది నిండితే ఇంకొక చెరువుకు. వీటిని గొలుసు చెరువులు అంటారు. గొలుసులో ఒక కొక్కెం తెగితే కిందివన్నీ ఎండిపోవలసిందే.

14వ శతాబ్దంలో విజయనగరాన్ని ఏలిన మొదటి బుక్కరాయల కాలంలో ఈ పని ముమ్మరంగా సాగింది. ఆయన మంత్రి చిక్కవొడయరు పండమేరు వాగు నీటిని ఆపి అనంతసాగరం, బుక్కరాయసముద్రం చెరువులు కట్టించాడని చెబుతారు. అనంతపురం అన్న పేరు ఆ అనంతసాగరం నుంచే వచ్చింది. సముద్రానికి ఇంత దూరాన ఉన్న ఊళ్లకు సాగరం, సముద్రం అని పేర్లు పెట్టుకున్నారంటే, నిండిన చెరువును చూసి ఆనాటి జనం ఎంత మురిసిపోయారో ఊహించుకోండి.

ఆనాటివారు ఊరికే మట్టి పోసి కట్టలు వేయలేదు. పక్కనే ఉన్న కడప జిల్లాలో పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటి ఉంది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించాడు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లపాటు పని జరిగిందని శాసనం చెబుతుంది. అంతేకాదు, మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను వరుసగా వివరిస్తుంది. గట్టి బంకనేల, దూరం నుంచి వచ్చే తియ్యని నీటి నది, కొండల నడుమ బిగువైన రాతికట్ట, దగ్గరలో మంచి రాయి దొరికే గని, పనితెలిసిన మనుషులు – ఇవి అంగాలలో కొన్ని. కట్టలోంచి నీరు ఊరడం, చవిటినేల, చెరువు నడుమ మెరక, కొద్దినీటికి పెద్ద ఆయకట్టు పెట్టుకోవడం – ఇవి దోషాలలో కొన్ని. నేటి ఇంజనీరు కూడా ఈ పట్టికను కాదనడు!

దోషాలలో మొదటిది, కట్టలోంచి నీరు ఊరడం, ఎంత భయంకరమైనదో ఒక జానపద కథ చెబుతుంది. ఒక ఏడాది జడివానకు బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగబోయిందట. బసిరెడ్డి గారి చిన్నకోడలు ముసలమ్మ ఊరిని కాపాడడానికి గండిలో దిగి ప్రాణత్యాగం చేసిందట. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఈ కథతోనే ‘ముసలమ్మ మరణము’ అనే కావ్యం రాశారు. కట్టకు సన్నని ఊట పడితే, ఆ నీరు మట్టి రేణువులను తనతోపాటు లాక్కుపోతుంది. రంధ్రం పెద్దదౌతుంది. పెద్దదైనకొద్దీ నీటి వేగం పెరుగుతుంది. చివరికి గండి పడుతుంది. మనిషి బలితో గండి ఆగదని మనకు తెలుసు. కాని చెరువు తెగితే ఊరు ఊరంతా పోతుందన్న నిజాన్ని ఆ కథ తరతరాలుగా మరిచిపోనివ్వలేదు.

కట్టకు ఏటా మరమ్మతు చేయడానికి కూడా ఏర్పాటు ఉండేది. చెరువు కట్టినవారికి, బాగుచేసేవారికి దశబంధం పేరుతో మాన్యం ఇచ్చేవారు. తూము తెరిచి, ఎవరి మడికి ఎంత నీరో పంచడానికి నీరుగంటి ఉండేవాడు.

వీరాపురం అతిథులు

మనుషులు తమకోసం కట్టుకున్న ఈ సరస్సులను పక్షులు కూడా తమవిగా చేసుకున్నాయి. నీటికాకులు, లకుముకి పిట్టలు, నత్తలను ఏరుకుతినే నత్తగుల్ల కొంగలు, నుదుట తెల్లబొట్టున్న నామాలకోళ్లు ఇక్కడి చెరువుల్లో కనిపిస్తాయి. చెరువుల నడుమనున్న గడ్డి మైదానాలలో మన రాష్ట్ర జంతువైన కృష్ణజింక, దాన్ని వేటాడే తోడేలు ఉన్నాయి.

అన్నిటికంటె పేరు పొందినవి వీరాపురం కొంగలు. శ్రీ సత్యసాయి జిల్లా (2022 వరకు ఇది అనంతపురం జిల్లాలో భాగం) చిలమత్తూరు మండలంలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉంది ఈ ఊరు. చలికాలంలో ఎర్రకాళ్ల కొంగలు వందలకొద్దీ వచ్చి ఊరి నడుమనున్న చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. సుమారు మీటరు ఎత్తు, పొడవాటి పసుపురంగు ముక్కు, నారింజరంగు ముఖం, తెల్లని ఒంటిమీద నల్లచారలు, తోక దగ్గర గులాబి ఈకలు – ఎవరో రంగులు వేసినట్లే ఉంటాయి.

చాలామంది వీటిని ‘సైబీరియా పక్షులు’ అంటారు. అది నిజం కాదు. ఎర్రకాళ్ల కొంగ మన దేశపు పక్షే. నీరు, చేపలు దొరికే చోటును బట్టి దేశంలోనే ఒకచోటినుంచి మరొకచోటికి తిరుగుతుంది. హిమాలయాలను దాటి దక్షిణాది చెరువులకు వచ్చే పక్షి వేరే ఉంది. అది తలమీద రెండు నల్లచారలున్న ఒక బాతు. టిబెట్టు, మంగోలియా ప్రాంతాలనుంచి వస్తుంది.

ఈ కొంగ చేపను పట్టే తీరు విచిత్రమైనది. అది చేపను చూసి పట్టదు! లోతు తక్కువ నీటిలో నిలబడి, ముక్కును సగం తెరిచి నీటిలో ముంచి, అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది. చేప తగిలిన మరుక్షణం ముక్కు టక్కున మూసుకుంటుంది. కాబట్టి నీరు బురదగా ఉన్నా దానికి ఫరవాలేదు. నీరు మరీ లోతుగా ఉంటే మాత్రం కష్టం.

ఇప్పుడు ఆలోచించండి, ఇవి వానాకాలం పోయాక ఎందుకు గూళ్లు కడతాయి? వానలకు చెరువులు నిండుతాయి, చేపలు పెరుగుతాయి. ఆ తరువాత నీరు మెల్లగా తగ్గుతూ, చేపలన్నీ కొద్దినీటిలో చేరతాయి. సరిగ్గా అప్పుడే కొంగపిల్లలకు ఎడతెగని మేత కావాలి. గుడ్లు పొదగడానికి దాదాపు నెల, పిల్ల ఎగరడానికి మరో రెండు నెలలు పడుతుంది. ఎండ ముదిరినప్పుడు తల్లి, తండ్రి రెక్కలు విప్పి పిల్లలకు గొడుగు పడతాయి. చెరువు తొందరగా ఎండితే మేతకోసం దూరం పోవాలి. అంతసేపూ పిల్లలు ఆకలితో, ఎండలో ఉండవలసిందే.

ఊరివాళ్లు ఈ కొంగలను తమ ఊరి ఆడపడుచులంత ఆదరంగా చూస్తారు. కొంగలు వస్తే వానలు, పంటలు బాగుంటాయని వారి నమ్మకం. సైన్సు ప్రకారం చూస్తే కార్యకారణం తిరగబడింది: కొంగలు రావడం వల్ల వాన రాదు. వానకు చెరువులు నిండాయి గనుక కొంగలు వస్తాయి. అయినా ఆ నమ్మకం పక్షులను కాపాడుతూనే ఉంది.

నీటి దారి మూసుకుపోతే

బోరుబావులు వచ్చాక చెరువు మీద శ్రద్ధ తగ్గింది. పూడిక పేరుకుంది. సర్కారు తుమ్మ కంప కమ్ముకుంది. నీరు వచ్చే కాలువలు పొలాల్లోనూ, ఇళ్లస్థలాల్లోనూ కలిసిపోయాయి. చెరువు ఎండితే దానికింది బావుల్లో ఊట ఉండదు. బోరు ఇంకా లోతుకు వేయాలి. రాతి పగుళ్లలోని నీరు అంతులేనిది కాదుకదా!

విచిత్రమేమిటంటే, దారి మూసుకుపోతే కరువు సీమలో వరదలు కూడా వస్తాయి. 2022 అక్టోబరులో భారీ వానలకు అనంతపురం నగరంలో కాలనీలు నీట మునిగాయి. వంకకు చోటు లేకపోతే అది ఇళ్లలోకే వస్తుంది.

బయటినుంచి నీరు తెచ్చే ప్రయత్నాలూ జరిగాయి. తుంగభద్ర ఎగువ కాలువ నీరు పెనకచెర్ల వద్ద పెన్నా జలాశయానికి చేరుతుంది. హంద్రీ–నీవా పథకం శ్రీశైలం నుంచి కృష్ణా నీటిని పంపులతో మెట్టు మెట్టుగా పైకి ఎత్తి, 2012లో జీడిపల్లి జలాశయానికి తెచ్చింది. అయితే కృష్ణా నీరైనా, వాన నీరైనా నిలవాలంటే కట్ట, తూము, మరువ, కాలువ బాగుండాలి.

నకూరు సరస్సును భూమి చేసింది. మనిషి పక్కన లేకపోయినా అది ఉంటుంది. వీరాపురం చెరువు అలాంటిది కాదు. మనిషి చేయి తీసేస్తే అది కొన్నేళ్లలో మామూలు మైదానం అవుతుంది.

ఈ సెలవుల్లో మీ ఊరి చెరువుకు పెద్దవారితో కలిసి వెళ్లండి. తూము, మరువ ఎక్కడున్నాయో గుర్తించండి. నీరు ఏ వంకనుంచి వస్తుందో, మరువ దాటి ఏ చెరువుకు పోతుందో పెద్దలనడిగి పటం గీయండి. నెలకొకసారి నీటిమట్టమూ, అక్కడ చూసిన పక్షులూ రాసుకోండి. ఏడాది తిరిగేసరికి నీరు తగ్గినకొద్దీ ఏ పక్షి వచ్చిందో, ఏ పక్షి వెళ్లిపోయిందో మీ పుస్తకమే చెబుతుంది. పటంలో వంక దారి ఎక్కడైనా తెగిపోయి కనబడితే, దాన్ని మీ సైన్సు మాస్టారుకూ, పంచాయతీ పెద్దలకూ చూపించండి.